అమ్మ మంచం కింద ఇటుకలు

మిరపకాయల ఘాటుకి ఎవరికైనా తుమ్ములొస్తాయి, నాకు కోపం వస్తుంది. మొన్న జగ్గయ్యపేటలో మందుల షాపు ముందు నిలబడి అమ్మ కాలికి బిగుతు మేజోడు కొంటుంటే, మిరప బస్తాల లారీ ఒకటి పక్కనుంచి వెళ్ళింది. అంతే, నందిగామ దగ్గరి మా ఊరు, డెబ్బైల నాటి ఆ ఎండలు, కల్లం నిండా ఎర్రగా పరిచిన కాయలు, వాటి మధ్య పీట మీద కూర్చుని తాలుకాయలు ఏరే అమ్మ, ఆవిడ చీర కుచ్చిళ్ళ కింద పాత గుడ్డతో కట్టిన పుండు, అన్నీ కళ్ళముందు నిలబడ్డాయి. పుండు మీద కారం అని అందరూ మాటవరసకి అంటారు, మా అమ్మ దాన్ని ఏళ్ళ తరబడి నిజంగా అనుభవించింది.

తమ్ముడు పుట్టినప్పుడు నాకు ఏడేళ్ళు. రెండో కాన్పు కదా, పురుడు మా ఇంట్లోనే పోశారు. కిటికీ మూసేసిన గది, సాంబ్రాణి పొగ, వాము వాసన, వెల్లుల్లి కారంతో పత్యపు అన్నం, నవారు మంచం దిగనివ్వని ఇరవై ఒక్క రోజులు. దాహం అని అమ్మ అడిగితే నాన్నమ్మ ఉగ్గుగిన్నెడు వేడినీళ్ళు పోసేది.

"బాలింతకి నీళ్ళేంటే? ఒళ్ళు నీరొస్తది," అనేది.

తాగడానికి నీళ్ళు దొరకని మనిషికే కాలు నీరెక్కింది! పదో రోజుకల్లా ఎడమ కాలు తొడ నుంచి పాదం దాకా వాచి బిర్రబిగిసిపోయింది. ఊరంతా చూసి బోదకాలు అని తేల్చేసింది. పసర్లు పూశారు, పట్లు వేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ చీలమండ పైన చర్మం నల్లబడి, దురదపెట్టి, చివరికి పుండు పడింది. అరిసెల పాకం పట్టడంలో అమ్మను మించినవాళ్ళు మా వీధిలో లేరు, అలాంటి మనిషిని అంటుకుంటుందేమోనని పెళ్ళిళ్ళ పొయ్యి దగ్గరికి పిలవడం మానేశారు. దోసిట్లో వేడి అరిసె తెచ్చిపెట్టి, "మీ అమ్మ పాకమైతేనా!" అని నాతోనే అనేవాళ్ళు. ఏం మనుషులు!

నా పదమూడో ఏట నాన్న ఎట్టకేలకు నందిగామ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇది బోదకాలు కాదమ్మా," అన్నాడాయన. "పురిట్లో కాలి లోపలి నరంలో రక్తం గడ్డకట్టింది. ఆ నరం దెబ్బతినబట్టి రక్తం పైకి ఎక్కలేక కిందే నిలిచిపోతోంది. పొద్దున మంచం దిగకముందే పాదం నుంచి మోకాలి దాకా ఈ బ్యాండేజీ చుట్టుకోండి, నడవండి. కూర్చుంటే కాలు ఎత్తు మీద పెట్టండి."

ఇంటికొచ్చి నాన్న మంచం కాళ్ళవైపు రెండు ఇటుకలు పెట్టాడు. పగలు కాలు పెట్టుకోవడానికి వసారాలో ఓ స్టూలు వేశాడు. పది రోజుల్లో పుండు అంచులు ఎండడం నా కళ్ళతో చూశాను. ఎదురుగా పడక్కుర్చీలో తాతయ్య పేపరు చదువుకుంటుండేవాడు.

"మామగారి ఎదురుగా కాలెత్తి కూర్చుంటావా? సిగ్గులేదూ!" అంది నాన్నమ్మ.

మర్నాటికి స్టూలు లేదు, ఇటుకలూ లేవు. నాన్న అది చూసి కూడా పొలం వెళ్ళిపోయాడు. తాతయ్యయితే నాన్నమ్మ ఆ మాట అన్నప్పుడు వింటూనే పేపరు తిప్పాడు. "పెట్టుకో అమ్మాయ్" అని ఒక్క మాట ఆయన అనుంటే సరిపోయేది, కాణీ ఖర్చు లేదు. అనలేదు. వేదాద్రి తిరణాలకి వెళ్ళి నరసింహస్వామికి మొక్కుకోమని మాత్రం చెప్పాడు. అమ్మ కాలు వేలాడేసుకుని మళ్ళీ కల్లంలో కూర్చుంది, పుండు మళ్ళీ తెరుచుకుంది. నాన్నమ్మ పోయి, ఆ వెనకే తాతయ్య పోయిన ఏడాది ఇటుకలు తిరిగొచ్చాయి. ఆ ఏడే పుండు మానింది. ఇద్దరు పెద్దవాళ్ళు పోతేగాని మానని పుండు ఏ వైద్యశాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ వసారా లేదు, కల్లం ప్లాట్లయింది, పురిటి గదుల పొగ లేదు. మా అమ్మాయి కాన్పయిన మర్నాడే నర్సు లేపి నడిపిస్తూ, నీళ్ళ సీసా చేతికిచ్చింది. అమ్మ ఆ సీసా వంక చాలాసేపు చూసింది.

కొత్త మేజోడు తొడిగి కాలు దిండు మీద పెట్టాను. ఇంతలో గేటు చప్పుడైంది. పక్కింటాయన. డెబ్బై ఐదేళ్ళ మా అమ్మ కాలు గబుక్కున కిందికి దించేసింది.

"ఎవరున్నారని దించావే?" అన్నాను.

"పెద్దాయనొచ్చారుగా," అంది.

ఆ కాలు పట్టుకుని మళ్ళీ దిండు మీద పెట్టి, పైన చెయ్యి అదిమిపెట్టి, "రండి బాబాయిగారూ, కూర్చోండి," అన్నాను.