తల్లి చావు దగ్గర తెల్లదోమ

పొదిలిలో మా అత్తయ్య పోయిందని మొన్న ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. దినం కాకముందే అక్కడి సాహితీ సంఘం వాళ్ళు సంతాప సభ పెడతామంటూ ఆమె ఫోటో అడిగారు. ఇవ్వలేదు. ఆ సంఘాన్ని ఆమె బతికుండగా ఏమనేదో నాకు తెలుసు. ఆ సభలో చెప్పుకోలేని సంగతొకటి ఇక్కడ మీతో చెప్పుకుంటాను.

మా నాన్నకు అక్క ఆమె. హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి తొంభైల చివర్లో రిటైరైంది. మిరప కోతలయ్యాక వసారాలో కూర్చుని కాయలకు తొడిమెలు తీసేది. ఆ చేత్తో పేజీ ముట్టుకుంటే తర్వాత కళ్ళు మండిపోతాయి. అందుకని ఆ రోజుల్లో ఇంటికెవరొచ్చినా చేతికో పుస్తకమిచ్చి చదవమనేది. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేను తేరగా దొరికాను.

ఆ ఏడాది మా వంతుకొచ్చింది వెయ్యి పేజీలు దాటిన ఒక నవల. రాసినాయన మా ఊరి పెద్దమనిషి, రిటైరైన ఆఫీసరు. అంతకు రెండేళ్ళ ముందు సాహితీ సంఘం వాళ్ళు కల్యాణమండపంలో ఆవిష్కరణ చేశారు. మట్టి వాసన అన్నారు, మహా కావ్యమన్నారు, శాలువాలు కప్పారు, భోంచేసి వెళ్ళారు. చదివే పని ఎవరూ పెట్టుకోలేదు.

అది చదవడమంటే ఎండలో చీమకుర్తి దాకా రాళ్ళ లారీ వెనక నడిచినట్టే. సూర్యుడు కనబడితే చాలు, ఆయన నాలుగు పేజీలు రాసేవాడు. నాకు కునుకు పట్టేది.

"ఒరేయ్, ఆ బావి దగ్గరికి బయల్దేరినవాడు చేరాడా?"

"ఇంకా లేదత్తయ్యా. దారిలో తుమ్మచెట్టును చూస్తున్నాడు."

"చూడనీ, వాడికేం పని! నువ్వు మాత్రం వదిలెయ్యకుండా చదువు. సగం చదివి తిట్టేవాడు సోమరి. చదవకుండా మెచ్చుకునేవాడు దొంగ. మనం మొత్తం చదివి తిడదాం."

సగం దాటాక కథానాయకుడి తల్లి మంచాన పడింది. అంతవరకూ లేని ప్రాణం కథకు వచ్చింది. అత్తయ్య చేతులు ఆగాయి. కొడుకు వంగాడు, తల్లి పెదవులు కదిలాయి. పేజీ తిప్పాను. 'పత్తిలో తెల్లదోమ నివారణకు' అని ఉంది.

గుంటూరులో ఏ ప్రెస్సువాడో, పురుగుమందుల కంపెనీకి వేసిన పుస్తకంలోని పదహారు పేజీలు ఇందులో పెట్టి కుట్టేశాడు. అవి అయ్యేసరికి తల్లిని దహనం చేసి అందరూ ఇంటికొస్తున్నారు.

అత్తయ్య ఊరంతా తిరిగి అడిగి చూసింది. ఆవిష్కరణ సభకు అధ్యక్షత వహించిన లెక్చరరు కాపీలోనూ తెల్లదోమే. వెనక్కి తిప్పితే అట్ట ఫెళ్ళున విరిగింది, అంత కొత్తగా ఉంది. తల్లి మరణ ఘట్టం చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదని పత్రికలో రాసింది ఆయనే.

"తెల్లదోమ చచ్చిందని దిగులు పడ్డాడేమో!" అంది అత్తయ్య.

నవల పూర్తిచేసిన మర్నాడే ఆ రచయిత ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆయన సమీక్షల ఫైలు ముందు పెట్టాడు. ఆమె దాన్ని పక్కకు నెట్టింది.

"ఆ తల్లి ఏం చెప్పి పోయిందండీ?"

ఆయనకు అర్థం కాలేదు. ఆమె పుస్తకం తెరిచి చూపించింది. తన బీరువాలోని కాపీలు ఒక్కొక్కటే తీసి చూసుకున్నాడు. ఆయనా ఎన్నడూ తెరవలేదు పాపం, అట్ట మీద ఫోటో చూసుకుని మురిసిపోయినట్టున్నాడు.

"రెండేళ్ళయిందమ్మా. ఒక్కరూ చెప్పలేదు," అన్నాడు. చేతిలో కాపీ మూసి, "మిగతాదంతా మీరు చదివారా?"

"చివరి పేజీ దాకా. ఏమీ బాగాలేదండీ. బావికి వెళ్ళేవాణ్ణి బావికి పోనివ్వాలి. కానీ ఆ తల్లి మాట తెలియకుండా నేను ఇక్కణ్ణుంచి కదలను."

ఆయన లోపలికి వెళ్ళి చేత్తో రాసిన కాగితాలు తెచ్చాడు. నిలబడే చదివాడు. అందులో సూర్యుడు లేడు, తుమ్మచెట్టు లేదు. పొలం ఎవరికి రాయాలో చెబుతుందని బంధువులంతా చుట్టూ మూగారు. తల్లి కొడుకు చెవిలో, "దూడని పాలకు విడిచారా?" అని అడిగింది. అంతే, ప్రాణం పోయింది.

ఊళ్ళో ఎవరినీ లెక్కచేయని మా అత్తయ్య చేయి చాపి ఆ కాగితాలను ఒకసారి ముట్టుకుంది. ఆ రోజు ఆమె మొహం చూశాక నాకు చదవడమంటే ఏమిటో తెలిసింది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

"ఇది రాయగలిగినవాడివి, మిగతా చెత్తంతా ఎందుకు రాశావయ్యా?" అంది.

అన్ని శాలువాలు కప్పించుకున్న మనిషి తలొంచుకున్నాడు.

"కూర్చో. మళ్ళీ చదువు."

ఆయన కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. పంచె అంచుతో కళ్ళు తుడుచుకుని, అదే అంచుతో కళ్ళజోడూ తుడుచుకుని, మొదటి కాగితం పైకి తీశాడు.