నడిచే గిన్నె

తెల్లవారకముందే ఎమ్మిగనూరులోని మా అద్దె ఇంటి వంటగదిలో చింతపండు పులుసులో సొరకాయ ముక్కలు ఉడుకుతున్నాయి. శనగపప్పు మెత్తబడింది, పుదీనా వాసన గదంతా పట్టింది. ఆదోని బస్సు అందుకోవాలంటే ఇంకా డబ్బా సర్దాలి, నీళ్లు పట్టాలి, పిల్లలను లేపాలి. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి గానీ, ఒళ్లు మాత్రం నిన్నటి అలసటలోనే ఉంది. ఈ దాల్చా వాసన వచ్చినప్పుడల్లా నాకు జమీలా టీచరు గుర్తుకు వస్తారు. దాల్చాలో మాంసం వేయడం వారి ఇంటి పద్ధతి. మాంసం లేకుండా వండడం నాకు నేర్పినదీ ఆమే. ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పాలి.

నేను దేవనకొండ దగ్గరి పల్లెలో, కూలికి పోయే ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో డిగ్రీ చదివినది నేనే మొదలు. ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికిన కొత్తలో, మధ్యాహ్నం వేళ గోడవైపు తిరిగి కూర్చుని, జొన్నరొట్టె, పుంటికూర గబగబా తినేసేదాన్ని. మిగతా అందరూ సన్నబియ్యపు అన్నం తెచ్చుకుంటారని నా సంకోచం. ఒకరోజు, ఉర్దూ చెప్పే జమీలా టీచరు వచ్చి నా వెనుక నిలబడ్డారు.

“ఏమ్మా, గోడకు తినిపిస్తాండావా?”

సమాధానం కోసం ఆగకుండా నా డబ్బా తీసుకుపోయి పెద్ద బల్ల మీద పెట్టారు. మూతలన్నీ తీసి డబ్బాలను మధ్యకు నెట్టడం అక్కడ ఆమె పెట్టిన అలవాటు. పత్తి వ్యాపారం చేసే మార్వాడీ కుటుంబపు కోడలు సుమిత్ర శనగపిండి ముక్కలతో గట్టే కూర తెచ్చేది. ఇంట్లో కన్నడం మాట్లాడే గిరిజమ్మ టీచరు నువ్వులు, పల్లీల పొడి కూరిన వంకాయ తెచ్చేవారు. ఆ రోజు గిరిజమ్మ నా రొట్టె తుంచి నోట్లో వేసుకున్నారు.

“అచ్చం మా అవ్వ చేసినట్లే ఉండాది. ఇన్ని దినాలు దాచిపెట్టుకున్నావేమే?”

నా రొట్టె నాకు మిగల్లేదు. గట్టే కూర రుచి నాకు తెలిసింది ఆ రోజే.

సుమిత్ర మాంసం ముట్టదు. అందుకని జమీలా టీచరు మాంసం తెచ్చిన రోజున మూత తీయకముందే, “ఈ పొద్దు నా గిన్నె నడుస్తాది” అని అందరికీ వినబడేలా చెప్పేవారు. కాళ్లున్న జీవి అందులో ఉందని అర్థం. సుమిత్ర నవ్వుకుంటూ తన కుర్చీని బల్ల చివరకు జరుపుకొనేది.

“మరి గుడ్డు, టీచర్?” అని ఒకసారి అడిగింది.

“దానికింకా కాళ్లు రాలేదు. తినేలోగా వస్తాయేమో, నువ్వు జరుగు.”

కొన్నేళ్లకు బడి యాజమాన్యం మారింది. మాంసం తెచ్చుకునేవారు ఇకమీదట బయట వరండాలో, కుళాయిల దగ్గర కూర్చుని తినాలని కబురు పంపారు. ఆ రోజు నా డబ్బాలో కోడికూర ఉంది. ఉద్యోగమే మానేస్తానంటూ డబ్బా తీసుకుని లేచాను. “మీరుండండి, నేనే వరండాలోకి పోతాను” అంటూ సుమిత్ర కళ్లనీళ్లు పెట్టుకుంది. జమీలా టీచరు నా కొంగు పట్టి లాగారు.

“కూసో. రేపట్నుంచి నేను నడిచేది తీసుకురాను. నువ్వూ తేవద్దు.”

“తప్పు వాళ్లదైతే మీరెందుకు తగ్గాల, టీచర్?”

“ఆ వరండాలోకి ఒకసారి పోతే, మనల్ని మళ్లీ లోపలికి పిలిచేటోళ్లు ఎవరే?”

మరునాడు ఆమె సొరకాయ దాల్చా తెచ్చారు. ఆమె చేసిన దాల్చాను సుమిత్ర తినడం అదే మొదటిసారి. “ఎంత బాగుంది, టీచర్!” అని మళ్లీ వడ్డించుకుంది.

“నడిచేదైతే దీనికన్నా బాగుంటాదిలే” అని జమీలా టీచరు చిన్నగా నవ్వారు.

ఆమె ఉద్యోగ విరమణ రోజున, అందరూ వెళ్లిపోయాక, బల్ల తుడుస్తూ ఉండగా అడిగాను. “మనం గెలిచినామా టీచర్, ఓడిపోయినామా?”

ఆమె తడిగుడ్డ పిండుతూ, “తెలీదమ్మా. అలిసిపోయినాను. బల్ల మాత్రం ఒకటే ఉండాది కదా” అన్నారు.

ఇప్పుడు ఆమె లేరు. ఆ నియమం మాత్రం ఉంది. గతవారం, కొత్తగా చేరిన ఒక అమ్మాయి, ఎవరూ చెప్పకుండానే తన డబ్బా తీసుకుని వరండాలోకి వెళ్లింది. ఎండుచేపల కూర వాసన లోపలికి వచ్చింది. బల్ల దగ్గర ఎవరూ తల ఎత్తలేదు. ఈ బల్ల చీలిపోకూడదని జమీలా టీచరు తన నోటి రుచినే వదులుకున్నారు. దీన్ని విడిచి లేవడం ఆమె మాట దాటడమే అవుతుందేమోనని నాకు జంకు కలిగింది. అయితే ఒంటరిగా తింటున్న మనిషి కంటబడితే నాకు ముద్ద దిగదు. అది కూడా ఆమె అంటించిన గుణమే.

నా డబ్బా తీసుకుని బయటకు వెళ్లాను.

“కొంచెం జరుగమ్మా.”

ఆ అమ్మాయి కంగారుపడింది. “ఈడ నీసు వాసన టీచర్. మీరు లోపలే తినండి.”

నచ్చజెప్పే ఓపిక నాకు లేకపోయింది. పక్కన కూర్చుని, మూత తీసి, నా డబ్బాను ఆమె వైపు నెట్టాను. లోపల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. వస్తున్నారో, తలుపు మూయడానికి లేచారో తిరిగి చూడకుండా, ఆమె కూరలో చేయి పెట్టాను.