మూడు నొక్కిన రోజు

నిన్న పొద్దున మాత్రల డబ్బా తెరిచి ఎన్నని అడిగిన మనవరాలితో అలవాటు తప్పి తెలుగులో మూడు అన్నాను. ఆ పిల్ల బుద్ధిగా మూత పెట్టి డబ్బాను గూట్లో పెట్టేసింది. అరవంలో మూడు అంటే మూయమని కదా. ఇంట్లో అందరూ నవ్వారు, నాకు మాత్రం నవ్వే ఓపిక లేకపోయింది.

ఎనభైల చివర్లో నేను ఈ అరవ దేశంలోనే పాలకోడు దగ్గర ఒక చక్కెర మిల్లులో బాయిలర్‌కు చెరకు పిప్పి ఎత్తేవాడిని. ఆపరేటర్‌గా పైకి రావాలంటే ధర్మపురిలో ఒక పరీక్ష గెలవాలన్నారు. అక్కడున్నది నిజం బాయిలర్ కాదు, కంప్యూటర్‌లో బొమ్మ బాయిలర్. నీళ్లు, ఆవిరి, ఒత్తిడి చూపే ముల్లు అన్నీ తెర మీదే ఉండేవి. ఏ అంకె నొక్కితే ఆ వాల్వు తెరుచుకునేది, మూయడానికి వేరే మీట. చేతులు కాయలు కాచిన మా ఈడు వారికి ఆ మీటలు వేలికి ఆనేవే కావు.

రెండు షిఫ్టులు వరసగా చేసి, బస్సులో నిలబడే కునుకు తీసి వెళ్లాను. ముల్లు ఎర్ర గీత దాటుతుంటే నేర్పే ఆయన వెనక నుంచి "మూడుప్పా, మూడు" అని అరిచాడు. పుట్టినప్పటి నుంచీ వీధిలో అరవమే ఆడినవాడినే, అయినా బెదిరిన చెవికి ఇంటి మాటే వినపడి మూడో అంకె నొక్కేశాను. అది మంటకు గాలి వదిలే వాల్వు, మంట ఇంకా పెరిగి బొమ్మ బాయిలర్ పేలింది. కంప్యూటర్ కీచుమంది, అంతే. కానీ మిల్లులో నా పక్కనే నిలబడి పనిచేసే బావమరిది గుర్తొచ్చాడు.

పది రోజుల తర్వాత ఇంకొక్కసారి రమ్మన్నారు, అదీ తప్పితే జన్మంతా పిప్పి తట్టే గతి అన్నారు. ఇంటికొచ్చి నా భార్యతో, చెవికి అరవం పట్టేదాకా మన మాట వద్దన్నాను.

"బిడ్డతోనూ ఆడకూడదా? ఎన్ని దినాలకు?" అంది.

"పది దినాలే" అన్నాను. చంకలోని బిడ్డకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి.

పరీక్ష గెలిచాను, పనిలోంచి దిగిపోయేదాకా ఎవరి ఒళ్లూ కాలనివ్వలేదు, అందుకు సంతోషమే. కానీ షిఫ్టు దిగి వచ్చిన మనిషికి ఓపిక ఎక్కడిది, తెలుగు సంగతి రేపు చూద్దాంలే అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. ఆ బిడ్డ కూతురే ఈ మనవరాలు. నా భార్య పోయేదాకా నాతో అరవంలోనే మాట్లాడింది. పది దినాలు అయిపోయాయని నేను ఆమెకు చెప్పనేలేదు.