చింతగింజల మిల్లు పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని పోయిన నెలలో స్కూలు ఆఫీసుకి ట్రంకాల్ వచ్చింది. ఫోను నా చేతికిస్తూ హెడ్మాస్టరుగారు "కూర్చోండమ్మా" అన్నారు. నేను కూర్చోలేదు. అవతల మా తమ్ముడు ఏడుస్తూ చెబుతున్నాడు. నాకు ముందొచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆవిడ మిల్లు మూయించబోయిన మనిషి ఇంకా రాయిలా బతికే ఉన్నాడు కదా, ఈవిడెందుకు ముందు వెళ్ళాలి అని. ఏడుపు ఏలూరులో నూజివీడు బస్సు ఎక్కాక వచ్చింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చీమకైనా హాని తలపెట్టని మనిషి అని రాయడం మనకి అలవాటు. మా పెద్దమ్మ గురించి అలా రాస్తే ఆవిడే లేచొచ్చి నా చెవి మెలిపెడుతుంది. ఆవిడ తలపెట్టింది, సాధించింది కూడా. అందుకే ఆవిడంటే నాకంత ఇష్టం.

నూజివీడులో ఎవర్ని కదిపినా మామిడి వ్యాపారమే. మా పెదనాన్న మాత్రం చింతగింజల మిల్లు పెట్టాడు. విస్సన్నపేట, చాట్రాయి వైపు ఊళ్ళల్లో చింతపండు తీయగా మిగిలే గింజల్ని కొని, వేయించి, పొట్టు తీసి, మెత్తగా పిండి పట్టించి మద్రాసు రేవు నుంచి విదేశాలకు పంపేవాడు. అక్కడ నూలుకి గంజి పెట్టడానికి, రకరకాల సరుకులు చిక్కబరచడానికి దాన్ని వాడతారట. ఆయన పోయాక అందరూ మిల్లు అమ్మెయ్యమన్నారు. కర్మకాండ ముగియగానే పెద్దమ్మ మిల్లు తలుపులు తీయించింది.

రోజూ పొద్దున్నే చిటికెడు పిండి తీసుకుని వేళ్ళ మధ్య రుద్ది చూసేది. గరుగ్గా తగిలితే మళ్ళీ జల్లెడ పట్టాల్సిందే. "ఇంత చాదస్తం దేనికండీ" అని ఎవరైనా అంటే, "మీ మొహానికి పౌడరు రాసుకునేటప్పుడు ఇసక తగిలితే ఊరుకుంటారా?" అనేది.

ఆ మిల్లు మీద కన్నేసినవాడు బయటివాడు కాదు, పెదనాన్న సొంత తమ్ముడే. నాకు బాబాయి. మామిడి తాండ్ర వ్యాపారంలో పేరున్న మనిషి. ఎంత కోపంలోనైనా మెత్తగా, నవ్వుతూ మాట్లాడతాడు.

కొత్త కస్టమ్స్ టారిఫ్, అంటే రేవులో సరుకుల్ని వర్గాలుగా విడదీసే పట్టిక, వచ్చిన రోజులవి. ఏ సరుకు ఏ అధ్యాయం కిందకి వస్తుందో ఆఫీసర్లకే ఇంకా అలవాటు కాలేదు. పిండి రకాలు పదకొండో అధ్యాయం. చెట్ల నుంచి వచ్చే జిగుర్లు, చిక్కబరిచే పదార్థాలు పదమూడో అధ్యాయం. పెద్దమ్మ తన సరుకుని పిండి అని రాసి పంపింది. గింజని విసిరితే వచ్చేది పిండి కాక మరేంటి అన్నది ఆవిడ వాదన. నీళ్ళలో కాస్తే జిగురవుతుంది కదా అని రేవులో పేచీ పెట్టి సరుకు ఆపేశారు. తప్పుగా రాసిందని తేలితే జరిమానా ఒక్కటే కాదు, ఇకమీదట ఆవిడ పంపే ప్రతి బస్తా మీదా అనుమానమే. కొనేవాళ్ళు తప్పుకుంటారు. మిల్లు మూతపడుతుంది.

విచారణకి విజయవాడ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. సరుకు సంగతి తెలిసిన వర్తకులు ఎవరున్నారని అడిగితే ఊళ్ళోవాళ్ళు బాబాయిని చూపించారు. మిల్లు వాకిట్లో, పనివాళ్ళందరి ముందూ, బాబాయి ఎంతో నొచ్చుకుంటున్నట్టు మొహం పెట్టాడు.

"ఏం చెప్పమంటారండీ, సొంత వదిన. కానీ అబద్ధం చెప్పలేను కదా. ఇది పిండి కాదండీ, ఉట్టి జిగురు. మనిషి నోట్లో పెట్టుకునే వస్తువే కాదు."

పెద్దమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చి పంపింది. ఆ సాయంత్రమే బాబాయి మళ్ళీ వచ్చి, "మూతపడేదాకా ఎందుకు వదినా, ఆ మిల్లేదో నేనే తీసుకుంటాను" అన్నాడు. సెలవులకి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ఆయన గేటు దాటాక, "పోనీలే పెద్దమ్మా, దేవుడే చూసుకుంటాడు" అన్నాను.

"దేవుడికి బోలెడు పనులుంటాయి. వీణ్ణి నేను చూసుకుంటాను," అంది.

బాబాయి ఆ ఏడాదే మొదటిసారి తాండ్రని విదేశాలకి పంపబోతున్నాడు. పెట్టెల మీద 'మామిడి రసం, పంచదార తప్ప మరేమీ లేదు' అని అచ్చు వేయించాడు. రసం చిక్కబడటానికి అందులో కలిపేది మా మిల్లు పిండే. జి. కొండూరులో వేరే మనిషి చేత కొనిపించేవాడు. పెద్దమ్మకి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. ఇంటి మనిషి పరువని ఊరుకుంది.

రిపోర్టు రాసేముందు ఆఫీసరు ఇంకోసారి వచ్చాడు. పెద్దమ్మ ఇద్దర్నీ భోజనానికి పిలిచింది. "మిల్లు సంగతి తేల్చేద్దాం. వస్తూ వస్తూ మీ తాండ్ర కాస్త పట్టుకురండి, ఆఫీసరుగారు రుచి చూస్తారు" అని మరిదికి కబురు పెట్టింది. మిల్లు చేతికొచ్చేసినట్టే అనుకుని ఆయన స్వయంగా పెట్టె మోసుకొచ్చాడు!

భోజనాలయ్యాక వసారాలో కిరసనాయిలు స్టవ్వు వెలిగించింది. ఒక గిన్నెలో ఇంట్లో చేసిన తాండ్ర ముక్క, ఇంకో గిన్నెలో బాబాయి తాండ్ర ముక్క వేసి నీళ్ళు పోసి కాచింది. ఇంటిది గరిటెలోంచి రసంలా జారిపోయింది. బాబాయిది గరిటెకి తీగలు తీగలుగా వేలాడింది.

ఆఫీసరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇదేంటండీ?"

"మా మిల్లు సరుకేనండీ. మరిదిగారు కలిపారు. అదేంటో ఆయన్నే చెప్పమనండి. జిగురంటారా, మనిషి నోట్లో పెట్టుకోని వస్తువుని జనం చేత తినిపిస్తున్నారు. పిండంటారా, మొన్న నా సరుకు మీద మీకు అబద్ధం చెప్పారు. ఏదో ఒకటి చెప్పమనండి."

బాబాయి మొహంలో నెత్తుటి చుక్క లేదు. గిన్నె వంక, ఆఫీసరు వంక చూశాడు. ఆ క్షణం ఎంత బాగుందో మీకెలా చెప్పను!

"పిండేనండీ," అన్నాడు చివరికి. "తినే పిండే. ఏదో కాస్త కలిపాను."

"నాకు వినబడలేదు," అంది పెద్దమ్మ.

"పిండే, వదినా."

గింజని విసరడం తప్ప ఇందులో మరే మార్పూ చెయ్యలేదని ల్యాబువాళ్ళు కూడా రాశారు. సరుకు పదకొండో అధ్యాయం కిందే ఓడ ఎక్కింది. తాండ్ర పెట్టెలు మాత్రం ఆగిపోయాయి. మరేమీ లేదని అచ్చు వేయించినవాడు, కలిపానని తన నోటితోనే ఒప్పుకున్నాడాయె. ఆఫీసరుకి ఓ మాట చెప్పమని వచ్చి వదిన్ని బతిమాలాడు.

"ఏం చెయ్యమంటారు, సొంత మరిది. కానీ అబద్ధం చెప్పలేను కదా," అంది పెద్దమ్మ. ఆ పూట మేమిద్దరం మారు వడ్డించుకుని తిన్నాం.

అంతటితో వదిలెయ్యొచ్చు కదా అన్నవాళ్ళున్నారు. "నేను దేవతని కాదు, నాకు కోపం వస్తుంది" అనేది ఆవిడ. పెళ్ళిళ్ళలో కావాలని ఆయనకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చునేది. నాకు రావలసిన ప్రమోషను ఇంకొకరికి ఇచ్చినప్పుడు ఏడుస్తూ ఆవిడ దగ్గరికే వెళ్ళాను. ఓదార్చలేదు. అన్నం పెట్టి, "ఎవరు చేశారు, ఏం చేశారు, ఎవరి ముందు చేశారు, వరసగా చెప్పు" అంది. ఈ రోజు నేను తలెత్తుకుని ఉద్యోగం చేస్తున్నానంటే ఆ ప్రశ్నల పుణ్యమే.

నేను పోతే మిల్లు ఒక్క రోజుకి మించి ఆపొద్దని ముందే చెప్పి ఉంచింది. అందుకని పరామర్శకి జనం వస్తున్నప్పుడు పక్కన మిల్లు ఆడుతూనే ఉంది. బాబాయి కూడా వచ్చాడు. వాకిట్లో కుర్చీలో కూర్చుని, నలుగురూ వినేలా, "మా వదినది పెద్ద మనసండీ. అన్నీ మర్చిపోయింది. పోయే ముందు నన్ను క్షమించేసింది" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. ఔనంటే సరిపోయేది. చచ్చినా అనను.

"లేదు బాబాయ్," అన్నాను. "మొన్న వచ్చినప్పుడు నేనే అడిగాను, బాబాయిని క్షమించావా అని. ఆ పని నా తరఫున ఎవర్నీ చెయ్యనివ్వకు అంది."

మిల్లు వైపు నుంచి గాలి తిరిగింది. సన్నటి పిండి ఎగిరొచ్చి ఆయన జుట్టు మీద, భుజాల మీద, ఒళ్ళో పెట్టుకున్న చేతుల మీద పడుతోంది. దులుపుకోవడానికి ఆయన చెయ్యి లేవలేదు.