మూడు పొట్లాలు, ఒక డబ్బా

పోయిన మంగళవారం పొద్దున చిలకలగూడ టీచరమ్మ పోయారని ఫోన్ వచ్చింది. ఆమె కొడుకే చేశాడు. "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందక్కా," అన్నాడు. ఎనభై దాటిన మనిషి, ఎవరితోనూ చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అని అందరూ అంటున్నారు. నాకు ఆ మాట రుచించలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ నేను పాఠం అప్పజెప్పాల్సిన పిల్లనే. ఇప్పుడు ఒక్కసారిగా ముసలిదాన్నయిపోయాను.

ఆమె నాకు బళ్లో టీచర్ కాదు, పక్కింటావిడ. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు. మిషన్ బళ్లో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. మా నాయన దర్జీ. ముస్లింలమే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్లం. నా చదువు మాత్రం ఉర్దూలో. నిజాం రాజ్యంలో పెద్ద చదువంటే అంతే కదా.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు నేను మెట్రిక్. పటాలం ఊళ్లోకి వచ్చిన వారం బడి మూసేశారు. మా నాయన దుకాణం తలుపు ఓరగా వేసుకుని లోపల కుట్టేవాడు. మళ్లీ బడి తెరిచేసరికి మా లెక్కల సారు లేరు. కరాచీ పోయాడని కొందరు, ఊళ్లోనే చుట్టాలింట్లో ఉన్నాడని కొందరు. ఆయన చెబుతున్న త్రికోణమితి సగంలో ఆగిపోయింది. పరీక్షలో దానికి బదులు కొలతల లెక్కలు రాయొచ్చు. బావుల్లో నీళ్లెన్ని, గాదెలో గింజలెన్ని, అలాంటివి. అవి మాకెవరూ చెప్పలేదు. సగం వచ్చినదాన్ని పట్టుకుని వేలాడాలా, అసలు రానిదాన్ని సొంతంగా మొదలుపెట్టాలా అన్నది నా ముందున్న చిక్కు.

చిన్న విషయంలాగే ఉంటుంది వినడానికి. కానీ మా నాయన ఒప్పుకున్నది ఆ ఒక్క పరీక్షకే. "రోజులు మంచిగ లేవు బిడ్డా. పాసైతే సదువుకో, నేను అడ్డం రాను. తప్పితే మిషన్ మీద కూసో," అన్నాడు. నాకేమో లెక్కల టీచర్ కావాలని. కుట్టంటే చెడ్డ విసుగు. ఇప్పటికీ గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుంటాను.

క్లాసులో అందరూ త్రికోణమితే నయమన్నారు. మా నాయనా అదే అన్నాడు. "వచ్చినంత రాయి. గిప్పుడు కొత్తది షురూ జేసి పరేషాన్ గాకు."

టీచరమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ నా గోడంతా విన్నారు. "సరే, ఆ వచ్చిందేదో నాకు చెప్పు," అన్నారు. గడగడా అప్పజెప్పాను. "ఎందుకలా?" అన్నారు. మళ్లీ అదే గడగడా అప్పజెప్పాను. "అది విన్నానమ్మా. ఎందుకలా?"

"ఎందుకో నాకు సుత తెల్వది టీచరమ్మా."

"అయితే నీకు సగం వచ్చిందన్నది ఉత్తమాట. రెండూ రానివే. రెండూ రానప్పుడు సాయం దొరికేదాన్నే పట్టుకోవాలి."

ఆ సాయం ఆమె ఇంట్లో పెట్టెలో ఉంది. ఆమె భర్త ఓవర్సీరు. ఎప్పుడూ జిల్లాల్లో పని మీదే ఉండేవారు. ఆయన చదువుకున్ననాటి కొలతల పుస్తకం అట్ట ఊడిపోయి, కలరా ఉండల వాసనతో బయటికొచ్చింది. అది ఇంగ్లీషు పుస్తకం. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆమె లెక్కలు భాగారాల దగ్గర ఆగిపోయాయి. "నాకు రాదు, నీకూ రాదు. కూర్చుందాం," అన్నారు. పెద్దవాళ్లు తమకు రాదని అంత తేలిగ్గా చెప్పగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె చదివి తెలుగులో చెప్పేవారు. నేను లెక్క చేసి ఆమెకు తిరిగి చెప్పాలి. తెలుగులో ఆ ఆకారాలను ఏమంటారో ఇద్దరికీ తెలియదు. అందుకని నిలువుగా గుండ్రంగా ఉన్నది డబ్బా, కొస తేలింది పొట్లం, బంతిలా ఉన్నది లడ్డూ. పరీక్షలో రాయాల్సిన ఉర్దూ పేర్లు బళ్లో మున్షీ సాబుని అడిగి నేర్చుకున్నాను. తేలని సందేహం ఉంటే టీచరమ్మ కొంగుకు ముడి వేసుకునేవారు. తేలితేనే విప్పేవారు. ముళ్ల కొంగుతోనే బడికి పోయేవారు కూడా.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే పుస్తకం తీశారు. పొట్లమూ డబ్బా ఒకే మూతి, ఒకే ఎత్తు అయితే మూడు పొట్లాలకు డబ్బా నిండుతుందని అందులో ఉంది. ఆమె నమ్మలేదు. "రెండింటికే నిండుతుందేమోనమ్మా."

"పుస్తకంల ఉన్నది టీచరమ్మా."

"ఉంటే ఉండనీ. పోసి చూద్దాం."

దళసరి కాగితంతో, మైదా జిగురుతో రెండూ చేశాను. మా నాయన టేపుతోనే కొలిచాను. దుప్పటి పరిచి రేషన్ జొన్నలు పోశారు. మర్నాటి రొట్టెలు వాటితోనే కావాలి, ఒక్క గింజ పోవద్దు. మూడు పొట్లాలు పోశాం. డబ్బా నిండలేదు. ఇంకా వేలెడు వెలితి.

నాకు ఏడుపొచ్చింది. ఉన్నదీ పోయింది, కొత్తదీ రాలేదు, ఇక మిషనే అనుకున్నాను. "నాతోని గాదు. త్రికోణమితే రాస్త," అని లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకున్నారు.

"కూర్చో. నిండేదాకా లేవం."

కోపంగానే కూర్చున్నాను. పొట్లాన్ని డబ్బా పక్కన బోర్లించాను. డబ్బా పొడుగ్గా ఉంది. రెండూ ఒకే కొలత పెట్టాను కదా, ఎట్లా? అప్పుడు తెలిసింది. పొట్లం మీద టేపు ఏటవాలుగా పరిచాను. దర్జీ ఇంట్లో టేపు ఎప్పుడూ ఒంటి మీదుగానే పోతుంది, భుజం మీదుగా, పొట్ట మీదుగా. నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన కొలత అదొక్కటే. ఎత్తును నిటారుగా కొలవాలని తోచనే లేదు.

డబ్బా అంచు కత్తిరించి పొట్లమంత ఎత్తుకు తెచ్చాను. మళ్లీ పోశాం. మూడోది పోసేసరికి అంచుదాకా వచ్చింది. ఆమె అరచేత్తో పైన సమంగా రాసి, నవ్వుతూ కొంగు ముడి విప్పారు. సాయంత్రం విషయం విని మా నాయన నవ్వాడు. "దర్జీ బిడ్డవనిపించినవ్. గదే సదువు పో," అన్నాడు. ఆ తర్వాత నేను త్రికోణమితి వైపు తిరిగి చూడలేదు, పరీక్ష అయ్యేదాకా.

పరీక్షలో పొట్లంలా కొస తేలిన గింజల కుప్ప లెక్కే వచ్చింది. ఉర్దూలో రాస్తూ రాస్తూ 'పొట్లం' అని రాసేసి, కొట్టేసి, మున్షీ సాబు చెప్పిన పేరు రాశాను. పాసయ్యాను. మా నాయన మాట తప్పలేదు. కోరుకున్నట్టే లెక్కల టీచర్‌నయ్యాను. రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ పిల్లల ముందు జొన్నలు పోశాను. ఆ సంగతి చెప్పినప్పుడల్లా టీచరమ్మ అడిగేది ఒక్కటే. "వాళ్లు నీకు తిరిగి చెప్పారా?" ఆమె అంటే నాకు ప్రాణం.

సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేశాక అందరూ తలా ఒక గుప్పెడు మట్టి వేశారు. మాలో మూడు వేయడం ఆనవాయితీ. నేను మూడు వేశాను. నిండలేదు.

జనం కదిలారు. తవ్వేవాళ్లు పారలు అందుకున్నారు. "ఎండగుందమ్మా, పోదాం," అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. నువ్వు నడువు, వస్తానన్నాను. పార మీద పార పడుతోంది. అంచుదాకా వచ్చి, వాళ్లు పైన సమం చేసేదాకా అక్కడే నిలబడ్డాను.