తాత సమాధిలో సువజారా

మా ఇంటి పిల్లలు ఏటా వెళ్ళి ఆ సమాధి కడుగుతారు. కాల్చిన పంది మాంసం పెట్టి తాతా తాతా అని దణ్ణాలు పెడతారు. అందులో తాత లేడు. ఉన్నది మా అమ్మ సువజారా. ఆవిడెవరని ఇన్నేళ్ళలో ఒక్కళ్ళన్నా అడిగిన పాపాన పోలేదు.

అమ్మ ఈ దీవిలో, ఈ ఫెనువారివో ఊళ్ళోనే, లవంగాలు కోసుకు బతికే ఇంట్లో పుట్టింది. నాన్న లియాంగ్ చైనా నుంచి వచ్చి కొట్టు పెట్టాడు. అక్కడ ఆయనకు పెద్ద భార్య ఉందని తెలిసే చేసుకుంది. మా అన్న ఆ-సెంగ్‌కి ఏడేళ్ళు రాగానే నాన్న వాణ్ణి ఓడెక్కించేశాడు.

"ఇక్కడే ఉంటే వీడు మావాడు కాకుండా పోతాడే. మా ఊళ్ళో పెరిగి పదహారో ఏట వస్తాడు."

"మరి పిల్ల?" అంది అమ్మ నన్ను చూపించి.

"ఆడపిల్లకి టికెట్టు దండగ."

పదహారో ఏటికి అక్కడ యుద్ధాలు. ఆపైన దారులే మూసుకుపోయాయి. వచ్చిన కొడుకు తనని చూసి సిగ్గుపడకూడదని అమ్మ వాళ్ళ మాట నేర్చుకుంది. పుల్లలతో తినడం నేర్చుకుంది. నాన్న పోయాక కూడా వాళ్ళ పెద్దలకి ధూపం మానలేదు. నన్ను ఇంట్లో మన ఊరి మాట మాట్లాడనివ్వలేదు.

"కన్నతల్లితో కూడా పిచికలా కిచకిచలాడతావేమే?" అని అమ్మమ్మ అమ్మని దెప్పేది.

ఓడెక్కిన నలభై ఎనిమిదేళ్ళకి వచ్చాడు అన్న, జుట్టంతా నెరిసి.

"అన్నం తిన్నావా నాయనా?" అంది అమ్మ వాళ్ళ మాటలోనే.

వాడు రెండు చేతులూ జోడించి వంగాడు. "తిన్నాను పిన్నీ."

వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు కన్నా పెద్ద భార్యే అమ్మ. ఆ సంగతి మాత్రం నాన్న ఈవిడకి నేర్పలేదు.

వాడు వచ్చింది నాన్న ఎముకల కోసం. పెద్ద భార్య పోతూ, ఆయన్ని తెచ్చి తన పక్కన పెట్టమని మాట తీసుకుందట.

"మీ అమ్మ ఇక్కడ కూచుందిరా," అన్నాను నేను.

"ఏడేళ్ళవాణ్ణి చెల్లీ. ఏడుస్తుంటే ఆవిడే పక్కలో వేసుకుంది. ఏమని పిలవమంటావు?"

"ఊరుకోవే," అంది అమ్మ నాతో.

సమాధి తవ్వించి ఎముకలు తనే సారాతో కడిగింది. పాదాలవి అడుగున, పుర్రె పైన, కూచున్న మనిషిలా జాడీలో సర్దింది. ఎర్రగుడ్డ కట్టింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"ఆయనే అక్కడికొచ్చేస్తే ఇక్కడ నాకేం పని పిన్నీ?"

"పోనీ ఒక్కసారి అమ్మా అను. ఎవరూ వినరు."

వాడు జాడీ వైపు చూశాడు. "నాన్న ఉన్నాడు పిన్నీ."

వాడు వెళ్ళిన రోజే అమ్మ అన్నం తినే పుల్లలు పొయ్యిలో పెట్టేసింది. ఆ తర్వాత రెండేళ్ళు వాళ్ళ మాటా లేదు, మన మాటా లేదు. పోయినప్పుడు అమ్మమ్మ వాళ్ళ ఇంటిల్లిపాదినీ పెట్టే సమాధిలో పెట్టమని ఆ ఇంటివాళ్ళని బతిమాలాను. "చీనా ఆవిడకి మా దగ్గర చోటేదీ?" అన్నారు. నాన్న గుంట ఖాళీగానే ఉంది. అందులో పెట్టాం. రాయి మీద పేరు నాన్నదే.

అప్పటికి ఆవిడకి డెబ్బై అయిదేళ్ళు.