బటన్ లేదు కదా

పాత మడత చాకులంటే నాకు పిచ్చి. న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఉన్న ఆ రోజుల్లో ఆన్‌లైన్‌లో వాటిని చూస్తూ కూర్చుంటే అన్నం కూడా గుర్తొచ్చేది కాదు. అయితే ఒక్క విషయంలో గట్టి భయం. బటన్ నొక్కగానే బ్లేడు తన్నుకొచ్చే రకం చాకును ఆ దేశంలోకి తెప్పించుకోకూడదు. కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారు. అక్కడే స్థిరపడటానికి మేం పెట్టుకున్న రెసిడెన్సీ దరఖాస్తు అప్పుడే లోపలికి వెళ్ళింది. నా నడవడిక మీద మచ్చ పడితే అంతే సంగతులు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొమ్ము పిడి ఉన్న ఇటలీ చాకు ఒకటి కనిపించింది. ఎంత ముద్దుగా ఉందో! పిడి మీద చిన్న చుక్కలాంటిది ఉంది. మేకో, బటనో తెలియలేదు. నేను మహా జాగ్రత్తపరుణ్ణి కదా, దీనికి బటన్ లేదు కదా అని అమ్మే ఆయనకు ఇంగ్లీషులో రాశాను. యెస్ అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. హమ్మయ్య, లేదన్నమాట అనుకుని కార్డు తీశాను.

వెనక బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ ఆపింది. ఆమె వృద్ధాశ్రమంలో పనిచేసేది. చేరిన కొత్తలో ఒక ముసలావిడను, మీరు టీ తాగలేదా అని అడిగితే నో అందట. కాదు, తాగానంటోందనుకుని మా ఆవిడ కప్పు తీసుకుపోయింది. పాపం, ఆ పెద్దావిడకు ఆ పూట టీ లేదు.

“వీళ్ళది మన లెక్క కాదు. యెస్ అంటే ఉన్నదని. మళ్ల సక్కగ అడుగు,” అంది.

నాకు ఒళ్ళు మండింది. నా ఇంగ్లీషుకే వంకా! అయినా బటన్ ఉందా అని సూటిగా అడిగాను. ఉంది, బ్రహ్మాండంగా పనిచేస్తుంది అని ఆయన సంబరంగా రాశాడు. తీసిన కార్డును మళ్ళీ పర్సులో పెట్టేశాను.

పోనీలే, కొనలేదుగా అని నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

“ఆ ఫైల్ల నీ పేరు కింద నా పేరున్నది. నేనేం కొన్ననని నన్ను వాపస్ పంపాలె?”

సిగ్గేసింది. ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. తర్వాత ఏ చాకు నచ్చినా అడగాల్సింది ఆమే టైప్ చేసేది, నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, అలా కొనడమే బాగుండేది. గోటితో తెరుచుకునేవి మూడు వచ్చాయి. ఒకదాన్ని ఆమె వంటింట్లోకి లాగేసుకుంది.

రెసిడెన్సీ వచ్చిన రోజు ఉత్తరంలో పైన నా పేరు, దాని కింద ఆమె పేరు ఉన్నాయి. నేను కింది పేరే ముందు చదివాను.